ఎయిడ్‌కి (ఆర్థిక సాయానికి) ఎక్కువ ఆదాయం, ఫీజుకి తక్కువ: అమెరికా కాలేజీ అడ్మిషన్లలో మనలాంటి ఇళ్ల సంగతేంటి?

ఎడిసన్_విజయ
మా అమ్మాయి ట్వెల్త్ గ్రేడ్. ఎర్లీ డెసిషన్ (ముందుగా ఒకే కాలేజీకి వేసి, సీటొస్తే అక్కడే చేరే పద్ధతి) గడువు నవంబర్ 1. ఇంకా తొమ్మిది రోజులే ఉంది, ఇంట్లో ఎవరికీ కంటి నిండా నిద్ర లేదు. తనకి బాగా నచ్చిన ప్రైవేటు కాలేజీ ఒకటుంది, పేరు ఇక్కడ చెప్పను. నిన్న రాత్రి వాళ్ల వెబ్‌సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ నింపాను. మా ఇద్దరి జీతాలూ కలిపి 1,65,000 డాలర్లు. ఇంటి లోను ఉంది, అత్తగారు మాతోనే ఉంటారు, బాబు ఎనిమిదో క్లాసు. అన్నీ నింపాక వచ్చిన అంకె, ఏడాదికి 57,000 మేం కట్టుకోవాలట. నాలుగేళ్లకి 2,28,000. అదీ ఫీజులు పెరగకపోతే.

ఎర్లీ డెసిషన్‌లో సీటొస్తే చేరి తీరాలి కదా. అదే కాలేజీకి మా అమ్మాయి ఫ్రెండ్ కూడా వేస్తోంది. వాళ్ల నాన్నగారు అక్కడే చదివారు, డబ్బు వాళ్లకి సమస్యే కాదు. మార్కులు ఇద్దరివీ ఇంచుమించు ఒకటే, ఎస్ఏటీ ప్రవేశ పరీక్షలో మా అమ్మాయికే 30 ఎక్కువ. ఆ పిల్ల మీద నాకేం కోపం లేదు, మా వంటింట్లో తిరిగి పెరిగిన పిల్లే. కానీ మా అమ్మాయి నన్నొక మాట అడిగింది. "అమ్మా, నేను రెగ్యులర్‌లో వేస్తే ఛాన్స్ తగ్గుతుందిగా, మనకి డబ్బు లేదనేగా?" అని. ఏం చెప్పాలో తెలియలేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? ఏం చేశారు?

రామం_ఒహాయో
లక్షా అరవై ఐదు వేలు మధ్యతరగతి ఎలా అవుతుందండీ? 2023లో ఈ దేశపు మధ్యస్థ కుటుంబ ఆదాయం 80,610 డాలర్లు, సెన్సస్ లెక్క. అంటే సగం ఇళ్లు అంతకంటే తక్కువతోనే బతుకుతున్నాయి. మీకు రెండింతలు వస్తోంది. బాధపడొద్దని అనడం లేదు, కానీ అన్యాయం అన్న మాట కొంచెం చూసి వాడాలి.

ఫ్రీమాంట్_సుధ
రామం గారూ, మీ లెక్క కాదనను. కానీ ఆ జీతం న్యూజెర్సీలో వస్తోంది. ప్రాపర్టీ టాక్స్ దేశంలోకెల్లా ఎక్కువ ఉన్న రాష్ట్రం అది. డబ్బు పే స్టబ్‌లో కనిపిస్తుంది, చేతిలో కనిపించదు. ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఏడాదికి 57 వేలు కట్టమంటే, రెండోవాడి చదువు ఏం కావాలి?

పైగా 2024-25 నుంచి ఫాఫ్సాలో (ప్రభుత్వ ఎయిడ్‌కి నింపే ఫారంలో) ఇద్దరు పిల్లలు ఒకేసారి కాలేజీలో ఉంటే ఇచ్చే వెసులుబాటు తీసేశారు. అంతకుముందు తల్లిదండ్రులు కట్టగలరన్న మొత్తాన్ని పిల్లల సంఖ్యతో భాగించేవాళ్లు. మా ట్విన్స్‌కి సరిగ్గా ఆ ఏడాదే తగిలింది. సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో ఎయిడ్ ఫారం అడిగే కాలేజీలు చాలావరకు రెండో పిల్ల సంగతి ఇంకా చూస్తాయి, అది కాస్త నయం.

మూర్తి_ప్లేనో
మన ఊళ్లో ఎంసెట్ రోజులే నయం అనిపిస్తుంది నాకు. ఒక పరీక్ష, ఒక ర్యాంకు. నాన్న ఎక్కడ చదివాడు, ఏ ఆట ఆడావు, ఎవడిక్కావాలి?

పద్మజ77
మూర్తి గారూ, ఆ ర్యాంకు వెనక రెండేళ్ల హాస్టలు, తెల్లవారుజామున స్టడీ అవర్, కోచింగ్ ఫీజు లేవా? మా పెద్దనాన్న రెండెకరాలు అమ్మి అన్నయ్యని చదివించారు. డబ్బు అక్కడా ఉంది. కాకపోతే ఎక్కడుందో అందరికీ కనపడేది.

గోదారి_గట్టు
పద్మజ గారు అన్నదే అసలు పాయింట్. ఇక్కడ ఎక్కడుందో కనపడదు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపికతో చదవండి.

2023 జూలైలో రాజ్ చెట్టి, డేవిడ్ డెమింగ్, జాన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్తలు ఒక పరిశోధన బయటపెట్టారు. 8 ఐవీ కాలేజీలు (హార్వర్డ్, యేల్ లాంటివి), స్టాన్‌ఫర్డ్, ఎంఐటీ, డ్యూక్, షికాగో కలిపి మొత్తం 12 కాలేజీల గురించి. ఒకే ఎస్ఏటీ లేదా ఏసీటీ స్కోరు ఉన్న పిల్లల్ని పోల్చారు. ఆదాయంలో పైనున్న 1 శాతం ఇళ్ల పిల్లలు ఆ కాలేజీల్లో చేరే అవకాశం, అదే స్కోరున్న మధ్యతరగతి పిల్లలతో పోలిస్తే రెండింతల పైనే. ఒకే స్కోరు, గుర్తుపెట్టుకోండి. మనవాళ్లు సరిగ్గా చదవలేదన్న మాటకి ఇందులో చోటు లేదు.

కారణాలు మూడు చెప్పారు. ఒకటి లెగసీ, అంటే అమ్మానాన్నలు అక్కడ చదివి ఉండటం. రెండు, చదువుకి సంబంధం లేని రేటింగులు. యాక్టివిటీలు, సిఫారసు లెటర్లు, ఇవన్నీ. ప్రైవేటు హైస్కూళ్ల పిల్లలకి ఇందులో పైచేయి. మూడు, ఆటల కోటా. అదే లెక్క పేరున్న ప్రభుత్వ యూనివర్సిటీలకి వేసి చూస్తే ఈ తేడా కనపడలేదు. అంటే ఇది తప్పనిసరేమీ కాదు. ఆ కాలేజీలు కావాలని పెట్టుకున్న పద్ధతే.

రామం గారూ, విజయ గారింటికి 80 వేలా 165 వేలా అన్న వాదన మనలో మనం చేసుకుంటున్నాం. పైనున్న ఆ 1 శాతం మన చర్చలోకే రాలేదు చూడండి.

రామం_ఒహాయో
సరే, ఈ మాట ఒప్పుకుంటాను.

శేషు_అట్లాంటా
అసలు సంగతి ఎవరూ అనట్లేదు. మనవాళ్లకి ఏషియన్ అనే తగ్గించారు. హార్వర్డ్ కేసులో పర్సనల్ రేటింగ్ అని ఒకటి బయటపడింది కదా, ఏషియన్ పిల్లలకి అందులో తక్కువ వేశారని. మంచివాడు, ధైర్యవంతుడు అన్నదానికి కూడా మార్కులా? సుప్రీంకోర్టు 2023 జూన్ 29న జాతిని లెక్కలోకి తీసుకోవడం కొట్టేసింది. ఇక మనకి బాగుండాలి కదా, ఏదీ?

గోదారి_గట్టు
పర్సనల్ రేటింగ్ సంగతి నాకూ మనసు కలుక్కుమనిపించిందే. కానీ శేషు గారూ, అదే కేసులో ఇంకో లెక్క కూడా బయటికొచ్చింది. ఆ కేసులో చూసిన ఏళ్లలో లెగసీ అప్లికెంట్లలో దాదాపు మూడో వంతు మందికి సీటొచ్చింది. లెగసీ కానివాళ్లలో 6 శాతం మందికే. కోర్టు తీర్పు దాన్ని ముట్టుకోలేదు. పక్కింటి నల్లజాతి పిల్లాడి వల్ల సీటు పోయిందని పదేళ్లు మాట్లాడుకున్నాం మనం. ఆ తలుపు మూసేశారు, లెగసీ తలుపు మాత్రం తెరిచే ఉంది.

అన్ని చోట్లా కాదనుకోండి. ఎంఐటీ లెగసీ చూడదు. జాన్స్ హాప్కిన్స్ మానేసింది, 2021లో ఆమ్‌హర్స్ట్ మానేస్తున్నామని ప్రకటించింది. కాలిఫోర్నియా అయితే 2024లో ప్రైవేటు కాలేజీలక్కూడా వర్తించేలా చట్టమే చేసింది.

శేషు_అట్లాంటా
మా వాడికి రిజెక్ట్ వచ్చినప్పుడు నేనూ ఆ మాటే అన్నాను, పక్కింటి పిల్లాడి వల్ల అని. ఆలోచించాల్సిందే.

నైట్‌షిఫ్ట్_ప్రసాద్
చాలాసేపు రాయాలా వద్దా అనుకున్నాను. నేను గ్యాస్ స్టేషన్‌లో పనిచేస్తాను, మా ఆవిడ డే కేర్‌లో. ఇద్దరికీ కలిపి 52 వేలు. మా పాపకి క్వెస్ట్‌బ్రిడ్జ్ (తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లల్ని మంచి కాలేజీలతో కలిపే సంస్థ) ద్వారా మంచి కాలేజీలో సీటొచ్చింది, రూపాయి కట్టక్కర్లేదు. నలుగురున్న ఇంట్లో మామూలుగా 65 వేల లోపు ఆదాయం ఉన్నవాళ్లని తీసుకుంటారు అందులో.

ఇది చెప్పాక గుడిలో ఒకాయన నా భుజం తట్టి "అదృష్టవంతుడివయ్యా, తక్కువ సంపాదించి బాగుపడ్డావు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఇంటికొచ్చి ఆ రాత్రి షిఫ్ట్‌కి వెళ్లి, కౌంటర్ వెనక నిలబడి అదే తలుచుకున్నాను. మా పాప టెన్త్ నుంచి సాయంత్రాలు ఆ కౌంటర్ వెనక స్టూలు మీదే హోంవర్క్ చేసుకుంది. కాలిక్యులస్ పుస్తకం అట్ట మీద ఇప్పటికీ కాఫీ మరక ఉంది. విజయ గారి బాధ నాకు అర్థమవుతుంది, ఆవిడ నన్నేమీ అనలేదు. కానీ పేదవాళ్లకి ఊరికే వస్తుంది, గొప్పవాళ్లు కొనుక్కుంటారు, మధ్యలో మనమే నలిగిపోతున్నామని ఎవరైనా అంటే ఆ మొదటి ముక్క దగ్గర నాకు గుచ్చుకుంటుంది.

ఎడిసన్_విజయ
ప్రసాద్ అన్నయ్యా, పాపకి మా ఇంటిల్లిపాది అభినందనలు చెప్పండి. నేను అలా ఎప్పుడూ అనుకోలేదని చెప్తే అబద్ధం అవుతుంది. ఒకట్రెండు సార్లు మనసులో అనుకున్నాను. ఇంక అనుకోను.

అనిత_హెచ్4
మా బాధ వేరు. బాబు రెండేళ్లప్పుడు వచ్చాం, ఇప్పుడు 17. ఐ-140 (గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయి తొమ్మిదేళ్లు, గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. వాడు కిండర్‌గార్టెన్ నుంచి ఇక్కడే చదివినా హెచ్4 (వర్క్ వీసా ఉన్నవాళ్ల కుటుంబానికిచ్చే వీసా) కాబట్టి ఫాఫ్సాకి పనికిరాడు. చాలా కాలేజీల్లో వాణ్ని ఇంటర్నేషనల్ కింద లెక్కేస్తారు. ఎయిడ్ అడిగితే ఆ అడగడమే సీటుకి అడ్డవుతుంది. 21 నిండితే హెచ్4 పోతుంది, ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాలి. వాడికి తెలుగు చదవడం కూడా రాదు, వాడు ఇంటర్నేషనల్ అట!

మూర్తి_ప్లేనో
అనితమ్మా, హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, డార్ట్‌మత్, ఆమ్‌హర్స్ట్, ఇవి ఇంటర్నేషనల్ పిల్లలక్కూడా ఎయిడ్ అడిగారా లేదా అని చూడకుండానే సీటిస్తాయి, అవసరమైనంతా ఇస్తాయి. సీటు రావడం కష్టమే, కానీ అడిగినందుకు అడ్డు మాత్రం ఉండదు. ఇంకోటి, టెక్సాస్‌లాంటి కొన్ని రాష్ట్రాల్లో హెచ్4 పిల్లలకి ఇన్-స్టేట్ ఫీజు వస్తుంది. మీ రాష్ట్రం నియమం రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి. ఫోన్‌లో చెప్పింది నమ్మొద్దు, మా తమ్ముడు అలాగే దెబ్బతిన్నాడు.

అనిత_హెచ్4
డార్ట్‌మత్, ఆమ్‌హర్స్ట్ పేర్లు మా లిస్టులోనే లేవు. ఈ రాత్రే చూస్తాను. చాలా థాంక్స్ మూర్తి గారూ.

మూర్తి_ప్లేనో
మా టెక్సాస్ పద్ధతి కూడా ఒకటి చెప్పాలి. 1997 నుంచి ఇక్కడ చట్టం ఉంది. హైస్కూల్ క్లాసులో పై 10 శాతంలో ఉంటే ప్రభుత్వ యూనివర్సిటీలో సీటు గ్యారంటీ. ఆస్టిన్‌లోని యూటీకి (యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్) మాత్రం పోటీ ఎక్కువై 6 శాతానికి దించారు, 2026లో చేరే బ్యాచ్ నుంచి 5. సరిహద్దు పల్లెటూరి స్కూలైనా, డాలస్ శివారు స్కూలైనా లెక్క ఒకటే. న్యాయంగానే ఉంటుంది, కానీ పోటీ ఎక్కువున్న స్కూల్లో పిల్లాడు 7వ శాతంలో ఉంటే తండ్రికి తెలుస్తుంది ఆ మంట. మా చిన్నోడు అలా ఆగిపోయినవాడే.

కార్తీక్_సోఫోమోర్
ఇక్కడ నేనొక్కణ్నే పిల్లాణ్ని అనుకుంటా. అంకుల్, మీ చిన్నబ్బాయి బాగానే ఉంటాడు. నేనూ పెద్ద కాలేజీలన్నిట్లో రిజెక్ట్ అయ్యి మా స్టేట్ యూనివర్సిటీలో ఉన్నాను. గోదారి గట్టు అంకుల్ చెప్పిన పేపర్‌లోనే ఇంకో ముక్క ఉంది. ఆ 12 కాలేజీల్లో చేరితే బాగా పైకి, అంటే ఆదాయంలో పై 1 శాతానికి వెళ్లే అవకాశం పెరుగుతుంది కానీ, మంచి స్టేట్ యూనివర్సిటీతో పోలిస్తే సగటు సంపాదనలో పెద్ద తేడా లేదు. రిజెక్షన్లు వచ్చిన వారం మా అమ్మకి ఇది ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నాకంటే తనే ఎక్కువ ఏడ్చింది.

పద్మజ77
నాన్నా కార్తీక్, అమ్మకి ఫోన్ చెయ్యి ఇవాళ.

కార్తీక్_సోఫోమోర్
చేశాను ఆంటీ. బెండకాయ కూర ఎలా చెయ్యాలో కూడా అడిగాను.

లలిత_కౌన్సెలర్
నేను పబ్లిక్ హైస్కూల్లో కౌన్సెలర్‌ని. నా దగ్గర 410 మంది పిల్లలు. మా వృత్తి సంఘం చెప్పే లెక్క ఒకరికి 250. ప్రైవేటు స్కూల్లో నా స్నేహితురాలికి 45 మంది. ఆవిడ ఒక్కో పిల్లకి రాసే లెటరు రెండు పేజీలు, పిల్ల ఏ మాట తడబడుతుందో కూడా అందులో ఉంటుంది. నేను రాసేది అరపేజీ. నేను చెడ్డదాన్ని కాదు, నాకు టైం లేదు. గోదారి గట్టు గారు చెప్పిన రెండో కారణం ఇలాగే పుడుతుంది, నా టేబుల్ మీదే.

విజయ గారూ, ఎర్లీ డెసిషన్ సంగతి. ఎయిడ్ సరిపోకపోతే ఆ ఒప్పందం నుంచి బయటికి రావచ్చు, అది నిజమే. కానీ కాలిక్యులేటర్ ముందే 57,000 అని చెప్పాక, మీకది అందదని తెలిసాక వెయ్యడం నాకు సబబు అనిపించదు. డిసెంబర్‌లో పిల్ల చేతికి ఉత్తరం వచ్చాక కాదనడం కంటే అక్టోబర్‌లో కాదనడం తేలిక. పైగా ఎర్లీ డెసిషన్‌లో ఇంకో కాలేజీ ఎంత ఇస్తుందో పోల్చుకునే వీలుండదు. డబ్బు చూసుకోవాల్సినవాళ్లకి పోల్చుకోవడమే ఉన్న ఒక్క బలం. ఆ పద్ధతే మీలాంటి వాళ్లని పక్కకి నెడుతుంది, మీ అమ్మాయి అన్నది తప్పు కాదు. తనతో ఆ మాట దాచకుండా చెప్పండి.

ఎర్లీ యాక్షన్ ఉన్న కాలేజీలు చూడండి, సీటొచ్చినా కట్టుబడక్కర్లేదు. మీ ఆదాయానికి బాగా పనికొచ్చేది ఇంకోటుంది. ఎంఐటీ, హార్వర్డ్ రెండూ 2025-26 విద్యా సంవత్సరం నుంచి 2,00,000 లోపు ఆదాయం ఉండి, ఆస్తులు మామూలుగా ఉన్న ఇళ్లకి ట్యూషన్ ఫీజు లేకుండా చేశాయి. సీటు రావడం లాటరీలాంటిదే, కానీ వస్తే మీరు అనుకున్నంత ఖర్చు కాదు. పేరు చూసి భయపడి మనవాళ్లు కాలిక్యులేటర్ నింపరు. 57,000 చూపించిన కాలేజీ పక్కనే 20,000 చూపించేది ఉండొచ్చు.

చివరగా ఒక ప్రశ్న. అప్లికేషన్‌లో యాక్టివిటీలకి పది డబ్బాలుంటాయి కదా, ఒక్కోదాంట్లో 150 అక్షరాలు. మీ అమ్మాయి ఏం రాసింది?

ఎడిసన్_విజయ
ఇప్పుడే అడిగాను. ఏడు నింపింది. కూచిపూడి, మ్యాథ్ క్లబ్, లైబ్రరీ వాలంటీర్, అలాంటివి. మూడు ఖాళీ. రాయడానికేం లేవు అంటోంది.

లలిత_కౌన్సెలర్
స్కూలుకి ముందు, స్కూలు తర్వాత ఇంట్లో ఏం చేస్తుంది?

ఎడిసన్_విజయ
ఏముందండీ, ఇంటి పనే. నాది హాస్పిటల్ ల్యాబ్‌లో నైట్ డ్యూటీ, ఏడున్నరకి గానీ ఇంటికి రాను. ఆయన అయిదున్నర ట్రైన్‌కి వెళ్తారు. కాబట్టి పొద్దున ఆరుంపావుకి అత్తగారికి షుగర్ చూసి ఇన్సులిన్ ఇచ్చేది మా అమ్మాయే. మూడేళ్ల నుంచీ. ఏ రోజు ఎంత వచ్చిందో ఫ్రిజ్ తలుపు మీద నోట్‌బుక్ వేలాడదీసి రాస్తుంది. తమ్ముణ్ని లేపి బస్సెక్కిస్తుంది.

లలిత_కౌన్సెలర్
అమ్మా, అది యాక్టివిటీయే. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి నింపే ఒకే అప్లికేషన్) కుటుంబ బాధ్యతలు అని ఆప్షన్ ఉంది. వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి ఎన్ని వారాలు అని అడుగుతుంది, లెక్కేసి రాయమనండి. మనవాళ్ల పిల్లలు ఎవ్వరూ రాయరు ఇది. రాయాలని వాళ్లకి ఎవరూ చెప్పరు, పక్క ఊరి పిల్లేమో ట్యూటర్ సాయంతో పదీ నింపుతుంది.

నైట్‌షిఫ్ట్_ప్రసాద్
మా పాప ఆ కౌంటర్ గురించే రాసింది. మొదట నేనే వద్దన్నాను, నలుగురికీ తెలుస్తుందని.

రామం_ఒహాయో
విజయ గారూ, మొదట నేను కొంచెం గట్టిగా రాశాను, ఏమీ అనుకోకండి. మా అమ్మకి కూడా ఇన్సులినే. ఆరుంపావు అంటే ఏంటో నాకు తెలుసు.

గోదారి_గట్టు
ఎస్ఏటీ స్కోరు బాగుంటే తప్పకుండా పంపండి. కరోనా టైంలో ఐచ్ఛికం చేసిన చోట్ల మళ్లీ అడుగుతున్నారు. ఎంఐటీ 2022లో, డార్ట్‌మత్ 2024 ఫిబ్రవరిలో తిరిగి పెట్టాయి. తక్కువ ఆదాయం ఉన్న పిల్లలు, తమకి పనికొచ్చే స్కోరు ఉండి కూడా చాలదనుకుని దాచుకుంటున్నారని డార్ట్‌మత్ వాళ్లే గమనించారు.

పద్మజ77
కానీ పరీక్షకి కోచింగ్ కొనొచ్చుగా?

గోదారి_గట్టు
కొనొచ్చు. అప్లికేషన్‌తో పంపే ఎస్సేని అంతకంటే ఎక్కువ కొనొచ్చు. 2019లో వార్సిటీ బ్లూస్ కేసులో, డబ్బున్న తల్లిదండ్రులు సీట్లు కొన్న కేసది, ఆడని ఆటకి ఆటగాళ్లమని ఫోటోలే తయారుచేశారు. పరీక్షలో కూడా మోసం చేయించారనుకోండి. అయినా ఉన్నవాటిలో మనలాంటి పిల్లలకి లైబ్రరీ పుస్తకంతో అందేది పరీక్షే అని నా అభిప్రాయం.

పద్మజ77
నేను ఒప్పుకోను, కానీ ఇవాళ్టికి వదిలేస్తా. విజయ, పాపని పడుకోమను ముందు.

ఎడిసన్_విజయ
ఏప్రిల్ నెలాఖరు. ఈ థ్రెడ్ వెతుక్కుని మళ్లీ వచ్చాను, చాలామంది మెసేజ్‌లు పెట్టారు.

ఎర్లీ డెసిషన్ వెయ్యలేదు. ఆ రాత్రే కూర్చుని అంకెలన్నీ అమ్మాయికి చూపించాం. మా జీతాలు, లోను, నానమ్మ మందులు, తమ్ముడికి పక్కన పెట్టాల్సింది. మొదట ఏడ్చింది. తర్వాత పెన్ను తీసుకుని తనే కూడింది. నచ్చిన కాలేజీకి రెగ్యులర్‌లో వేసింది, వెయిట్‌లిస్ట్ వచ్చింది. ఫ్రెండ్‌కి డిసెంబర్‌లోనే వచ్చేసింది. ఎర్లీలో వేసి ఉంటే వచ్చేదేమో, ఆ ప్రశ్న నాకు ఎప్పటికీ ఉంటుంది. ఇది న్యాయమని నేను ఇప్పటికీ అనను.

మా స్టేట్ యూనివర్సిటీలో ఆనర్స్ ప్రోగ్రాంలో సీటొచ్చింది, మెరిట్ స్కాలర్‌షిప్ పోను మేం కట్టేది ఏడాదికి 21,000. కాలిక్యులేటర్ 30,000 చూపించిన ఇంకో ప్రైవేటు కాలేజీ కూడా పిలిచింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, నిన్న రాత్రి స్టేట్‌కి డిపాజిట్ కట్టాం.

లలిత గారూ, ఎనిమిదో డబ్బాలో నానమ్మ ఇన్సులిన్ రాసింది. వారానికి తొమ్మిది గంటలు, ఏడాదికి 52 వారాలు. ఆనర్స్ వాళ్ల ఉత్తరం కింద ఎవరో పెన్నుతో ఒక వాక్యం రాశారు, మీ నానమ్మగారు ఎలా ఉన్నారు అని. మా అత్తగారికి తెలుగులో చదివి వినిపించాను. ఉత్తరం తీసుకుని ఫ్రిజ్ తలుపు మీద, ఆ నోట్‌బుక్ పక్కనే పెట్టించుకున్నారు. ఆగస్టు నుంచి పొద్దున ఇన్సులిన్ ఎవరివ్వాలో ఇంకా తేల్చుకోలేదు, బాబు నేర్చుకుంటానంటున్నాడు.

అనితా, మీ బాబు సంగతి ఏమైంది?